డాక్టర్ గారూ, ‘ఎక్కడ పనిచేశారు?’ అని ఒక్కమాట అడగండి

అమెరికాలో ప్రాక్టీస్ చేస్తున్న తెలుగు డాక్టర్లందరికీ, ముఖ్యంగా ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పల్మనరీ చూసేవాళ్లకు నమస్కారం.

నేను డాక్టర్ని కాను. టెక్సస్‌లో, కిలీన్ నుంచి గంట దూరంలో ఉన్న ఒక ఆసుపత్రిలో రెస్పిరేటరీ థెరపిస్టుని. మీరు ఆర్డర్ రాసి పంపిస్తే పేషెంటు ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, ‘ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా’ అని అరిచేది నేనే. పదిహేడేళ్లుగా అరుస్తున్నాను. ఇంట్లో మామూలుగా మాట్లాడినా పోట్లాటలా ఉంటుందని మా ఆయన ఫిర్యాదు.

కిలీన్ పక్కనే ఫోర్ట్ హుడ్ అనే పెద్ద సైనిక స్థావరం ఉంది కాబట్టి మాకు వచ్చేవాళ్లలో మాజీ సైనికులు చాలా ఎక్కువ. వాళ్లందరూ వెటరన్స్ ఆసుపత్రులకే వెళ్తారనుకోవడం పొరపాటు. రిటైరై వేర్‌హౌస్‌లోనో, స్కూలు డిస్ట్రిక్టులోనో, ఐటీ కంపెనీలోనో చేరినవాళ్లు ఆ కంపెనీ ఇన్సూరెన్స్‌తో దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్తారు. టెక్సస్ చిన్న ఊళ్లలో ఆ క్లినిక్ బోర్డు మీద రెడ్డి గారి పేరో, రావు గారి పేరో ఉండటం మామూలే. ఇరాక్, అఫ్గానిస్తాన్ సైనిక స్థావరాల్లో చెత్త తగలబెట్టే గుంతల పొగ పీల్చి వచ్చినవాళ్ల గురించి ఈ ఉత్తరం. అందుకే వాషింగ్టన్‌కి కాకుండా మీకు రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒకాయన వచ్చాడు. నలభై దాటిన మనిషి, ట్రక్కు నడుపుతాడు, భుజాలు ఇంతేసి ఉన్నాయి. ఆర్డర్ మీద ‘ఆయాసం’ అని ఒక్క ముక్క. ఊదించాను. మొదటి సెకనులో బయటికొచ్చిన గాలి, ఆయన వయసుకీ ఎత్తుకీ ఉండాల్సినదాంట్లో నూటికి 94. బంగారం లాంటి అంకె. ‘బాగుంది సార్’ అన్నాను. ఆయన క్లిప్పు తీసి, ముక్కు రుద్దుకుని నవ్వాడు. ‘ఎప్పుడూ ఇంతే మేడమ్. మీ మెషీన్ బాగుందంటుంది, మా ఇంటి మెట్లు ఒప్పుకోవు’ అన్నాడు.

ఎందుకు అడిగానో నాకే తెలీదు, ‘మిలిటరీలో చేశారా, ఎక్కడ?’ అన్నాను. ‘అనకొండ’ అన్నాడు. పాము పేరేంటా అనుకున్నాను. ఇరాక్‌లో బాగ్దాద్‌కి ఉత్తరాన బలద్ దగ్గరున్న పెద్ద ఎయిర్ బేస్‌ని సైన్యం అప్పట్లో అలా పిలిచేదట. 2005లో అక్కడ ఏడాది ఉన్నాడు. పడుకునే డబ్బా గది, చెత్త తగలబెట్టే గుంతకి అరమైలు దూరంలో, అదీ గాలి వాటంలో. పొద్దున్న ముక్కు చీదితే కర్చీఫు నల్లగా అయ్యేదట. తెమడ కూడా నలుపే. వాళ్లు దానికి ‘ఇరాకీ క్రడ్’ అని ముద్దు పేరు పెట్టుకుని, దగ్గు మందు తాగి డ్యూటీకి పోయేవారట.

ఆయన చార్టు చూశాను. అంతకు ముందు ఆయన్ని చూసిన డాక్టర్ ‘బరువు పెరగడం, వ్యాయామం లేకపోవడం, యాంగ్జైటీ’ అని రాశారు. రాసింది మనవాళ్లే, ఒక తెలుగు డాక్టరే. తప్పు రాశారని నేను అనను. ఎదురుగా ఉన్న ఎక్స్‌రే, ఆ 94 అంకె చూస్తే ఎవరైనా అదే రాస్తారు. ఆ చార్టులో ఎక్కడా బలద్ అన్న మాట లేదు, అంతే. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

బలద్ గుంత గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ‘చెత్త తగలబెట్టడం’ అనగానే మనకి పెరట్లో ఎండుటాకుల మంట గుర్తొస్తుంది. ఇది పదెకరాల గుంత. రోజుకి వంద టన్నుల పైగానే కాలేది. వేలమంది తాగి పడేసిన ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, ఫోమ్ ప్లేట్లు, బ్యాటరీలు, పెయింటు డబ్బాలు, టైర్లు, పాడైన ఎలక్ట్రానిక్ సామాను, ఆసుపత్రి వ్యర్థాలు అన్నీ అందులోకే. తడి చెత్త అంటుకోకపోతే జెపి-8 పోసేవారు, అంటే విమానాలకి వాడే ఇంధనం. పగలూ రాత్రీ ఆరని మంట. భోగి రోజు ఎవడో అత్యుత్సాహంతో పాత టైరు పడేస్తే వీధి వీధంతా ముక్కు మూసుకుంటుంది కదా, ఆ వాసనని ఏడాది పాటు, నిద్రలో కూడా పీల్చడం ఊహించుకోండి.

అది ఒక్క గుంత. 2010 ఆగస్టు నాటికి అఫ్గానిస్తాన్‌లో 251, ఇరాక్‌లో 22 గుంతలు నడుస్తున్నాయని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే లెక్క చెప్పింది. అప్పటికే బలద్‌లో ఇన్సినరేటర్లు, అంటే చెత్తని మూసిన కొలిమిలో కాల్చే యంత్రాలు, వచ్చి గుంత మూతపడింది.

తెలియక జరిగిందా అంటే అదీ కాదు. 2006 డిసెంబర్‌లో బలద్‌లోనే పనిచేసిన ఎయిర్ ఫోర్స్ పర్యావరణ ఆరోగ్య అధికారి, లెఫ్టినెంట్ కల్నల్ డారిన్ కర్టిస్, పైవాళ్లకి మెమో రాశాడు. ఈ పొగ మన సైనికులకీ, చుట్టుపక్కల జనానికీ ఇప్పుడూ ముప్పే, ముందు ముందూ ముప్పే అని అందులో స్పష్టంగా ఉంది. ఆ తర్వాత కూడా ఆ గుంత దాదాపు మూడేళ్లు మండింది.

ఇప్పుడు మీ లోకంలోకి వస్తాను. నాకన్నా మీకే బాగా తెలిసిన విషయం కాబట్టి కాస్త బెరుకుగానే చెబుతున్నాను.

2003 జూన్‌లో మోసుల్ దగ్గర మిష్రాక్ గంధకం ఫ్యాక్టరీ అంటుకుని దాదాపు నెల రోజులు కాలింది. ఆ పొగలో పనిచేసినవాళ్లలో కెంటకీ దగ్గరి ఫోర్ట్ క్యాంప్‌బెల్ సైనికులు ఉన్నారు. తిరిగొచ్చాక వాళ్లు రెండు మైళ్ల పరుగు పూర్తి చేయలేకపోయారు. వెళ్లే ముందు అదే పరుగు నవ్వుతూ పాసైనవాళ్లు. ఎక్స్‌రేలు నార్మల్, ఊదే పరీక్షల్లో చాలామందికి నార్మల్ లేదా కాస్త అటూ ఇటూ. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో డాక్టర్ రాబర్ట్ మిల్లర్ అక్కడితో ఆగలేదు. తన దగ్గరికి పంపిన 80 మందిలో 49 మందికి ఊపిరితిత్తుల బయాప్సీ చేయించాడు. 38 మందిలో కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ బయటపడింది, అంటే ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి గొట్టాలు మచ్చకట్టి ఇరుకైపోయే జబ్బు. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. ఆ 38 మందిలో ఎక్కువమంది మిష్రాక్ పొగ పీల్చినవాళ్లే, కానీ అందరూ కాదు.

మా మెషీన్ ఎందుకు పట్టుకోలేదో నాకు ఇక్కడే అర్థమైంది. ఊదే పరీక్ష ముఖ్యంగా పెద్ద గొట్టాల సంగతి చెబుతుంది. రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నటి గొట్టాలు వేలకు వేలు ఉంటాయి. వాటిలో కొన్ని మచ్చకట్టి మూసుకుపోయినా, మిగిలినవి లాక్కొస్తాయి. పొలంలో పిల్ల కాలవలు పూడిపోయినా ప్రధాన కాలవలో నీళ్లు పారుతూనే కనిపిస్తాయి చూడండి, అలా. గట్టు మీద నిలబడి చూసేవాడికి అంతా బాగానే ఉంటుంది, చివరి మడి ఎండిపోతుంది. మచ్చకట్టిన గొట్టం మళ్లీ తెరుచుకోదు. దానికి ఇప్పటిదాకా నయం చేసే మందు లేదు.

అందరికీ బయాప్సీ చేయమని నేను అడగట్లేదు. పక్కటెముకల మధ్య కోత పెట్టి ముక్క తీయడం చిన్న విషయం కాదు, ఎవరికి అవసరమో మీరే నిర్ణయించాలి. ఆయాసపడే ప్రతి సైనికుడికీ ఇదే జబ్బు అనీ అనను. కొందరికి ఆస్తమా, కొందరికి ఏళ్ల తరబడి తగ్గని సైనస్, కొందరికి సిగరెట్లు, కొందరికి నిజంగానే పొట్ట. ఇరాక్ దుమ్ము సంగతి వేరే ఉంది, అది పిండి లాంటి దుమ్ము.

మీలో కొందరు 2020లో నేషనల్ అకాడమీస్ (అమెరికా ప్రభుత్వానికి సలహాలిచ్చే శాస్త్రవేత్తల సంస్థ) ఇచ్చిన రిపోర్టు తీసి చూపిస్తారని తెలుసు. చాలా ఊపిరితిత్తుల జబ్బులకీ ఆ పొగకీ సంబంధం తేల్చడానికి ఆధారాలు చాలవని అది చెప్పింది. తగ్గని దగ్గు, ఆయాసం, పిల్లికూతల విషయంలో మాత్రం పరిమితమైన ఆధారం ఉందంది. ఆ రిపోర్టు మీద నాకు కోపం లేదు. కానీ ఆధారాలు ఎందుకు చాల్లేదు? ఏ సైనికుడి చొక్కాకీ గాలి కొలిచే పరికరం తగిలించలేదు. ఎవరు ఎన్నాళ్లు, ఎంత దూరంలో, ఏ గాలి వాటంలో ఉన్నారో ఎవరూ రాసి పెట్టలేదు. కొలవని పొగని ఇరవై ఏళ్ల తర్వాత రుజువు చేయమంటే ఎలా?

ఆ రుజువు కోసమే చాలా ఏళ్లు గడిచాయి. 2007 నుంచి 2020 దాకా ఈ పొగ వల్ల జబ్బు చేసిందని వెటరన్స్ శాఖకి పెట్టుకున్న క్లెయిములు పన్నెండు వేల పైచిలుకు, అందులో నూటికి 75కి పైగా తిరస్కరించారు. మా టెక్సస్‌లోనే లెరాయ్ టోరెస్ అనే ఆర్మీ రిజర్వ్ కెప్టెన్ ఉన్నాడు. బలద్‌లో పనిచేసి కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్‌తో తిరిగొచ్చాడు. అంతకుముందు రాష్ట్ర పోలీసు ఉద్యోగి. ఈ ఊపిరితో పాత పని చేయలేను, వేరే పని ఇవ్వండి అని అడిగితే ఇవ్వలేదని కోర్టుకెక్కాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2022 జూన్‌లో ఒక్క ఓటు తేడాతో గెలిచాడు. ఆయన, ఆయన భార్య రోజీ కలిసి నడిపే సంస్థ బర్న్ పిట్స్ 360. బర్న్ పిట్స్ అంటే ఈ చెత్త తగలబెట్టే గుంతలే. చట్టం కోసం వాషింగ్టన్ చుట్టూ ఏళ్ల తరబడి తిరిగినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

ఆ చట్టం మీకు తెలిసిందే, ఈ పొగ పీల్చిన మాజీ సైనికులకి వైద్యం, పరిహారం అందేలా చేసిన పాక్ట్ యాక్ట్. ఒహాయో నేషనల్ గార్డ్ సార్జెంట్ హీత్ రాబిన్సన్ పేరు పెట్టారు. ఆయన కొసావో, ఇరాక్ వెళ్లొచ్చి, అరుదైన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2020 మేలో, 39 ఏళ్లకే పోయాడు. 2022 జులై చివర్లో బిల్లు సెనేట్‌లో ఇరుక్కుంటే మాజీ సైనికులు క్యాపిటల్ మెట్ల మీద పడుకున్నారు. ఎండకీ వానకీ కదల్లేదు. ఆగస్టు 2న 86–11తో పాసైంది, 10న సంతకం అయింది.

చట్టం వచ్చిందిగా, ఇంకేంటి అంటారా? మీతో నా పని అక్కడే మొదలైంది.

చట్టం చేసిన ఉపకారం ఏమిటంటే, జబ్బుకీ పొగకీ లింకు రుజువు చేసే బరువు పేషెంటు నెత్తి మీద నుంచి దించింది. 1990 ఆగస్టు 2 తర్వాత ఇరాక్, కువైట్, సౌదీ, ఖతర్, ఎమిరేట్స్ లాంటి చోట్ల, 2001 సెప్టెంబర్ 11 తర్వాత అఫ్గానిస్తాన్, సిరియా, జోర్డాన్, జిబూతీ, ఉజ్బెకిస్తాన్ లాంటి చోట్ల పనిచేసి ఉండి, జాబితాలో ఉన్న జబ్బు ఉంటే చాలు, అది సర్వీసు వల్లే వచ్చిందని ప్రభుత్వం అనుకుంటుంది. జాబితాలో కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్, సీఓపీడీ, సార్కాయిడోసిస్, పల్మనరీ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడటం) ఉన్నాయి. మెదడు, కిడ్నీ, పాంక్రియాస్ క్యాన్సర్లు, లింఫోమా, మెలనోమా ఉన్నాయి. 2025 జనవరిలో లుకేమియాలు, మల్టిపుల్ మైలోమా, మూత్రాశయం క్యాన్సర్ కూడా చేర్చారు.

లింకు రుజువు అక్కర్లేదు సరే, జబ్బు పేరు మాత్రం కాగితం మీద ఉండాలి. ఆ పేరు రాసేది మీరు. ‘యాంగ్జైటీ’ అని రాసి ఉంటే చట్టం ఏమీ చేయలేదు. ‘ఆయాసం’ అంటే అది లక్షణం, జాబితాలో లేదు. ఆ ట్రక్కు డ్రైవర్‌కీ, చట్టానికీ మధ్య మీ పెన్ను ఉంది.

వెటరన్స్ ఆసుపత్రులు 2022 నవంబర్ నుంచి తమ దగ్గర నమోదైన ప్రతి ఒక్కరినీ ఐదేళ్లకోసారైనా విషపదార్థాల గురించి అడుగుతున్నాయి. 2024 మే నాటికే 50 లక్షల మందికి పైగా అడిగారు, పది లక్షలకు పైగా క్లెయిములు మంజూరయ్యాయి. ఆ ఆసుపత్రుల గడప తొక్కనివాళ్ల సంగతి? వాళ్లని అడగాల్సింది మీ క్లినిక్ ముందు టేబుల్ దగ్గరుండే అమ్మాయి. పేషెంట్లు నింపే ఫారంలో సిగరెట్, మందు, పెంపుడు కుక్క, పిల్లి దాకా అన్నీ అడుగుతారు. మిలిటరీలో చేశారా అన్న ప్రశ్న నేను చూసిన ఫారాల్లో చాలావాటిలో లేదు.

వాళ్లంతట వాళ్లు చెబుతారని ఎదురుచూడకండి. చెప్పరు. ‘నా పక్కవాడికి కాళ్లు పోయాయి, నేను దగ్గు గురించి కంప్లైంట్ చేయాలా?’ అని ఒకాయన నాతో అన్నాడు. ఇంకొకాయనకి చట్టం సంగతే తెలీదు. మూడో ఆయన 2012లో అప్లై చేస్తే కుదరదన్నారని, మళ్లీ ఆ గొడవ నాకెందుకని వదిలేశాడు. అప్పుడు కాదన్నవాళ్లు ఇప్పుడు మళ్లీ పెట్టుకోవచ్చు. ఆ మాట డాక్టర్ నోటి నుంచి వస్తే దాని బరువు వేరు. ఫారాలు నింపడానికి చాలా కౌంటీల్లో వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్ ఉంటారు, అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి సంఘాలు ఉన్నాయి, వాళ్లు పైసా తీసుకోరు. డబ్బులిస్తే క్లెయిమ్ గెలిపిస్తామనే ఏజెంట్ల దగ్గరికి వెళ్లొద్దని కూడా ఒక మాట చెప్పండి.

ఇంకో కాగితం కూడా మీ చేతిలోనే ఉంది. డెత్ సర్టిఫికెట్. పోయిన ఏడాది ఒకామె మా ల్యాబుకి వచ్చి, చనిపోయిన భర్త పాత రిపోర్టులు అడిగింది. సర్టిఫికెట్‌లో ‘కార్డియాక్ అరెస్ట్’ అని ఒకే లైను ఉంది. గుండె ఆగకుండా ఎవరు పోతారండీ? ఆయనకి నాలుగేళ్లుగా ఫైబ్రోసిస్. ఆ మాట అక్కడ రాసి ఉంటే ఆమెకి నెలనెలా రావాల్సిన సర్వైవర్ బెనిఫిట్ కోసం ఇన్ని ఆఫీసులు తిరగాల్సిన పని ఉండేది కాదు. నేను రిపోర్టులు ప్రింట్ తీసి స్టేపుల్ చేసి ఇచ్చాను. అంతకన్నా నేను చేయగలిగింది లేదు.

ఒక్కటి పక్కకి వెళ్లి చెబుతాను. ఆ బేసుల్లో వంట చేసింది, బట్టలు ఉతికింది, చెత్త ఎత్తింది అమెరికన్లు మాత్రమే కాదు. మన దేశం వాళ్లు, నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు కాంట్రాక్టర్ల కింద వేలల్లో పనిచేశారు. పొగ వాళ్ల పాస్‌పోర్టు అడగలేదు. బలద్ చుట్టూ ఉన్న రైతుల ఊపిరితిత్తుల లెక్క అసలు ఎవరి దగ్గరా లేదు. పాక్ట్ యాక్ట్ వీళ్లెవరికీ వర్తించదు. కాంట్రాక్టు పనివాళ్లకి డిఫెన్స్ బేస్ యాక్ట్ అని 1941 నాటి చట్టం ఒకటి ఉంది, ఏ దేశం వాళ్లయినా క్లెయిమ్ పెట్టుకోవచ్చు. సెలవుకి కరీంనగర్ వైపో నిజామాబాద్ వైపో వెళ్లినప్పుడు గల్ఫ్ నుంచి తిరిగొచ్చి దగ్గుతున్న పెద్దాయన ఎవరైనా మీ చేతికి పాత ఎక్స్‌రే ఇస్తే, ఆయన్నీ అదే ప్రశ్న అడగండి. మన దగ్గర అయితే ఇలాంటి దగ్గుకి ముందు టీబీ మందులే గుర్తొస్తాయి.

తానా, ఆటా సభలు చేసేవాళ్లకి కూడా చిన్న మనవి. జులై 4 వీకెండ్ సభల్లో డాక్టర్ల కోసం సీఎంఈ క్లాసులు, అంటే కొత్త విషయాలు నేర్పే క్లాసులు, పెడుతూనే ఉంటారు. డయాబెటిస్ మీద ఎలాగూ నాలుగు గంటలు ఉంటాయి. ఈ పొగ మీద ఒక్క గంట పెట్టండి. నన్ను పిలవమని కాదు, నాకు స్టేజీ ఎక్కితే నోరు పెగలదు. కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ చూసిన పల్మనాలజిస్టుని ఒకరిని పిలవండి.

ట్రక్కు డ్రైవర్ సంగతి అడుగుతారేమో. ఆ రోజు నేను మా పల్మనాలజిస్టుకి ఫోన్ చేసి, ఆర్డర్ మార్పించుకుని, ఊపిరితిత్తుల్లో చిక్కుకుపోయే గాలి ఎంతో కొలిచాను, గాలి రక్తంలోకి ఎంత బాగా దిగుతోందో చూశాను. గాలి చిక్కుకుపోతోంది. దిగడమూ తగ్గింది. ఊపిరి పూర్తిగా వదిలాక తీసే సీటీ రాశారు. దాంట్లో ఏముందో, తర్వాత ఏమైందో రాయను, అది ఆయన సొంత విషయం.

మీరు మాకు పంపే ఆర్డర్ ఫారంలో ‘క్లినికల్ హిస్టరీ’ అని ఒక డబ్బా ఉంటుంది. దాంట్లో ఎక్కువసార్లు ‘ఆయాసం’ అని ఒక్క మాట ఉంటుంది, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలో ‘బలద్, 2005’ అని రాసి పంపండి. అఫ్గానిస్తాన్‌లో చేసినవాళ్లయితే ‘బగ్రామ్, 2010, గుంత దగ్గరే’ అని రాసినా సరే. అది చూస్తే ఊదే పరీక్ష నార్మల్ వచ్చినా నేను పేషెంటుని కుర్చీలోంచి లేపను. మీకు ఫోన్ చేస్తాను. మీరు క్లినిక్‌లో బిజీగా ఉంటారు, తెలుసు. ఫోన్ ఎత్తండి.

ఇట్లు,
ఊదండి ఊదండి అని అరిచే ఒక థెరపిస్టు,
టెక్సస్